పదకొండు సంతకాల్లో ఒకటి

సుబ్బులుకు టీవీ వార్తలు చూసే అలవాటు లేదు. ఆ రోజు చూడాల్సివచ్చింది పంటి నొప్పి వల్ల. ప్లెయిన్స్‌బరోలో డెంటిస్టు దగ్గర ముందుగదిలో చెంప పట్టుకుని కూర్చుని ఉంటే, ఎదురుగా గోడ మీద టీవీ చప్పుడు లేకుండా ఆడుతోంది. తెరమీదకి సూటు వేసుకున్న నెరిసిన జుట్టు మనిషి ఒకడు వచ్చాడు. దేశమంతటా ఫ్యాక్టరీల్లో, వేర్‌హౌసుల్లో పనిచేసేవాళ్ళ భద్రత చూసే పదవికి ప్రెసిడెంట్ ఈయన పేరు ప్రతిపాదించారని కింద అక్షరాలు నడిచాయి. పేరు గ్రాంట్ హోల్‌బ్రూక్.

డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి పేరు పెట్టి పిలిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. సుబ్బులు అప్పటికే పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చేస్తోంది.

మా అపార్ట్‌మెంట్లలో ఆమె మా పక్క బిల్డింగే. ఇందులో కొన్ని ఆమె చెప్పగా విన్నవి, కొన్ని నేను కళ్ళారా చూసినవి.

సుబ్బులుది చీరాల. బీయస్సీ కెమిస్ట్రీ చదివింది. భర్త లక్ష్మీపతి సాఫ్ట్‌వేర్ టెస్టర్. అతని వీసా మీద ఆధారపడిన వీసాతో ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు ఇంట్లోనే ఉంది. ఆ వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. తర్వాత రూల్ మారి ఆమెకి వర్క్ కార్డ్ వచ్చింది. ఇంటర్వ్యూలకి వెళితే ఎవరూ కెమిస్ట్రీ గురించి అడగలేదు, మధ్యలో ఆ తొమ్మిదేళ్ళ ఖాళీ ఏమిటని అడిగారు. చివరికి టర్న్‌పైక్ హైవే మీద ఎనిమిది-ఎ ఎగ్జిట్ దగ్గర ఒక పెద్ద వేర్‌హౌసులో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఆ కంపెనీ పేరు రాయను. అది ఇప్పుడు చేతులు మారింది.

ఎనిమిదేళ్ళ కింద, జూలైలో, మధ్యాహ్నం షిఫ్టులో, సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు బళ్ళ బ్యాటరీలు ఛార్జ్ చేసే మూల నుంచి పొగ లేచింది. క్షణాల్లో నల్లగా కమ్మేసింది. నలభైమంది దాకా వెనక తలుపు వైపు పరుగెత్తారు. ప్రమాదం జరిగితే బయటపడటానికే పెట్టిన తలుపు అది. దానికి బయటినుంచి గొలుసు వేసి తాళం బిగించి ఉంది. సరుకు దొంగతనాలు జరుగుతున్నాయని పైనుంచి వచ్చిన ఆర్డరు. తాళంచెవి ఉన్న సూపర్‌వైజర్ పొగకి అవతల ఉన్నాడు.

ప్యాకింగ్ లైన్లో సుబ్బులు పక్కన నిలబడే ఐరిస్ మెదీనా ఆమెని మెడపట్టి నేలకి వంచింది. తన నీళ్ళసీసా సుబ్బులు చొక్కా మీద కుమ్మరించి, ఆ తడిగుడ్డ ఆమె ముక్కుకి అదిమింది. తనకి తడిగుడ్డ మిగల్లేదు. తొమ్మిది నిమిషాల తర్వాత ఎవరో ఫోర్క్‌లిఫ్టుతో లోడింగ్ షట్టర్‌ని గుద్ది చీల్చేదాకా అలాగే పడుకున్నారు. ఎవరూ చనిపోలేదు. ఐరిస్ ఊపిరితిత్తులు మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు.

మూడో రోజు పన్నెండు మందిని ఎంచి, ఒక్కొక్కరినీ కాన్ఫరెన్స్ రూములోకి పిలిచారు. బల్లమీద టైపు చేసిన కాగితం పెట్టారు. ‘వెనక తలుపు తెరిచే ఉంది. కార్మికులు కంగారులో వేరే దిక్కుకి పరుగెత్తారు.’ సుబ్బులు అది రెండుసార్లు చదివింది. ఎదురుగా కూర్చున్న కంపెనీ ఆవిడ బెదిరించలేదు. నవ్వుతూ, “మీ వర్క్ కార్డ్ రెన్యూవల్ ఎప్పుడు?” అని అడిగింది. అంతే.

సుబ్బులు సంతకం పెట్టింది. అలా పెట్టినవాళ్ళు పదకొండు మంది. ఐరిస్ కాగితాన్ని వెనక్కి తోసేసి లేచి వచ్చింది. రెండు వారాల్లో ఆమె ఉద్యోగం పోయింది. పదకొండు సంతకాలూ జతచేసి, ‘తలుపు విషయంలో లోపమేమీ లేదు’ అని కంపెనీ తరఫున ఇన్‌స్పెక్టర్లకి నివేదిక వెళ్ళింది. కింద ఉన్న పెద్ద సంతకం, ఆపరేషన్స్ అంతటికీ పైఅధికారి అయిన గ్రాంట్ హోల్‌బ్రూక్‌ది.

ఆ చలికాలంలో సుబ్బులు అక్కడ మానేసింది. తర్వాత గ్రీన్‌కార్డ్ వచ్చింది, తర్వాత పౌరసత్వం వచ్చింది. ఐరిస్‌కి మాత్రం ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

డెంటిస్టు దగ్గరనుంచి ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడే భర్తకీ కూతురికీ విషయం చెప్పింది. కూతురు అవనికి పద్దెనిమిదేళ్ళు. ఇక్కడే పుట్టింది.

“ప్రెసిడెంట్ చెప్పేశాక ఇంకేముందే, అయిపోయినట్టేగా?” అంది సుబ్బులు.

“నో అమ్మా. ప్రెసిడెంట్ జస్ట్ పేరు పంపిస్తాడు. సెనేట్ ఓకే అనాలి. ఫస్ట్ కమిటీ ఉంటుంది, వాళ్ళు అతన్ని పిలిచి క్వశ్చన్స్ అడుగుతారు. తర్వాత కమిటీ ఓట్. తర్వాత హోల్ సెనేట్ ఓట్. అప్పుడే జాబ్.”

“వాళ్ళకి తలుపు సంగతి తెలుసా?”

“ఎవరైనా చెప్తే తెలుస్తుంది.”

లక్ష్మీపతి స్టవ్ ఆపాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు. “ఏం చెప్తావు సుబ్బులూ? తలుపు తెరిచుందని సంతకం పెట్టిందే నువ్వు. అది పక్కన పెట్టు. సిటిజన్‌షిప్ ఫారంలో, ఎప్పుడైనా గవర్నమెంట్ అధికారికి అబద్ధం చెప్పారా అని అడిగిన చోట నో అని పెట్టావు. పాస్‌పోర్ట్ వచ్చి రెండేళ్ళు కాలేదు. ఇప్పుడు నీ అంతట నువ్వే వెళ్ళి అబద్ధం చెప్పానంటావా?”

“అంటానండీ.”

“పౌరసత్వం పీకేస్తే?”

“అప్పుడు కార్డు పోతుందని భయపడి సంతకం పెట్టాను. ఇప్పుడు పాస్‌పోర్ట్ పోతుందని నోరు మూసుకోమంటారు. ఇంకేం వస్తే నేను భయపడ్డం మానెయ్యాలి? చెప్పండి.”

అతను మళ్ళీ స్టవ్ వెలిగించాడు.

న్యూ బ్రన్స్‌విక్‌లో ఉచితంగా సలహా ఇచ్చే ఒక లాయరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. ఆవిడ అంతా విని, “మీరు సంతకం పెట్టింది కంపెనీకి, ప్రభుత్వ అధికారికి కాదు. అది మీకు మంచిది. రిస్కు చిన్నదే. అసలు లేదని మాత్రం రాసివ్వలేను,” అంది. తిరిగివచ్చేటప్పుడు కారులో లక్ష్మీపతి, వద్దని చెప్పిందిగా అన్నాడు. వెళ్ళమని చెప్పింది అంది సుబ్బులు.

సుబ్బులు అవని పాత నోట్‌బుక్కు ఒకటి తీసుకుని ముందు తెలుగులో రాసింది. అవని పక్కన కూర్చుని అర్థం అడుగుతూ ఇంగ్లీషులోకి మార్చింది. సంతకం దగ్గరికి వచ్చేసరికి అవని పెన్ను ఆగింది.

“అమ్మా, ‘ఐ వాజ్ ప్రెషర్డ్’ అని రాద్దాం. లై అని రాస్తే నువ్వు బ్యాడ్‌గా కనిపిస్తావు.”

“ఒత్తిడి పెట్టారు, నిజమే. పెట్టిన చెయ్యి నాదే, అదీ నిజమే. రెండూ రాయి.”

ఇంగ్లీషులో అది మూడు చిన్న వాక్యాలైంది. నేను సంతకం పెట్టాను. అది అబద్ధం. అబద్ధమని అప్పుడే నాకు తెలుసు.

మూడో రోజు సాయంత్రం లక్ష్మీపతి వచ్చి కాగితాలు తనవైపు లాక్కున్నాడు. ఎర్రపెన్ను తీసి, “ఇక్కడ షిఫ్ట్ రెండున్నరకి అన్నావు, కింద మూడు అన్నావు. ఏది కరెక్టు? తలుపు నీకు ఎడమవైపా, కుడివైపా? ఇలాంటి చోటే పట్టుకుంటారు,” అన్నాడు. మొత్తం పద్నాలుగు తప్పులు పట్టాడు. వద్దని మళ్ళీ అనలేదు.

కాగితం కమిటీకి చేరిన వారానికి అక్కడ పనిచేసే డేనా అనే ఆవిడ ఫోన్ చేసింది. అతన్ని ప్రశ్నలడిగే హియరింగ్‌లో నేను మాట్లాడతాను, ఎప్పుడు రావాలి అని సుబ్బులు అడిగింది. అలా కుదరదని డేనా ఓపికగా చెప్పింది. మామూలుగా ఆ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడేది ప్రెసిడెంట్ ప్రతిపాదించిన మనిషే. మిగతావాళ్ళు రాసి పంపవచ్చు. అది సభ్యుల చేతికి వెళుతుంది. దాన్ని పట్టుకుని అడగాలా వద్దా అన్నది ఆ సెనేటర్ల ఇష్టం.

“ఇంకో మాట,” అంది డేనా. “మీ ఒక్కరిదే అయితే, మాట మార్చిన మనిషి అని కొట్టిపారేస్తారు. ఇంకెవరైనా ఉన్నారా?”

ఉన్నారు. ముందు వెళ్ళాల్సిన గడప ఏదో సుబ్బులుకు తెలుసు.

ఐరిస్ పెర్త్ ఆంబోయ్‌లో ఉంటోంది. ఒక స్కూలు వంటశాలలో పని. తలుపు తీసి, గుర్తుపట్టి, అక్కడే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఎప్పటికీ ఇంగ్లీషే, ఇద్దరికీ సొంతంకాని భాష.

“నువ్వు చచ్చిపోయావేమో అనుకున్నాను,” అంది ఐరిస్. “చచ్చిపోతే ఫోన్ చేయరు కదా.”

“నేను సంతకం పెట్టాను, ఐరిస్.”

“తెలుసు. అందరికీ తెలుసు.”

“ఇప్పుడు అది అబద్ధమని రాశాను. సెనేట్‌కి పంపాను.”

ఐరిస్ జేబులోంచి ఇన్‌హేలర్ తీసి ఒకసారి పీల్చి, మళ్ళీ పెట్టుకుంది. ఆ కాస్తసేపూ సుబ్బులు తల దించుకోలేదు. దించుకుంటే జాలిపడమని అడిగినట్టు అవుతుందని అనిపించిందట.

“ఎనిమిదేళ్ళు,” అంది ఐరిస్. “నేను ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను, తాళం ఉందని. పదకొండు మంది లేదన్నారు, నువ్వొక్కదానివి ఉందంటున్నావు అన్నాడు. నువ్వు ఒక్కమాట చెప్పి ఉంటే ఇద్దరం అయ్యేవాళ్ళం.”

“అవును.”

“క్షమించానని అనను.”

“అడగడానికి రాలేదు. మనిద్దరం కలిసి మిగతా పదిమందిని వెతకాలి. నేనొక్కదాన్ని వెళితే తలుపులు తియ్యరు.”

ఐరిస్ తలుపుకి ఆనుకుంది. “పదిమందిలో ఎంతమంది ఫోన్ నంబర్లున్నాయి నీ దగ్గర?”

“రెండు.”

“నా దగ్గర ఆరున్నాయి,” అని తలుపు పూర్తిగా తీసింది.

తర్వాతి మూడు వారాలు, పని అయ్యాక ఇద్దరూ సుబ్బులు కారులో తిరిగారు. ఇద్దరు ఊళ్ళు మారిపోయారు, ఆచూకీ దొరకలేదు. ఒకాయన పోయాడు. ఒకామె కిటికీలోంచే వెళ్ళిపొమ్మని కేకలు వేసింది. ఒకతను టీ ఇచ్చి, పిల్లలున్నారండీ, నన్ను వదిలెయ్యండి అన్నాడు. ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ముగ్గురు రాశారు. అందులో ఒకడు ఆ రోజు ఫోర్క్‌లిఫ్టుతో షట్టర్ గుద్దినవాడు. తలుపు తెరిచుంటే నేను షట్టర్ ఎందుకు బద్దలుకొడతాను అని ఒకే ఒక్క వాక్యం రాసి సంతకం చేశాడు.

హియరింగ్‌కి నాలుగు రోజుల ముందు ఒక లాయరు సుబ్బులుకు ఫోన్ చేశాడు. పాత కంపెనీ తరఫున అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. “మేడమ్, మీరు అప్పట్లో సంతకం పెట్టిన కాగితం మా దగ్గర ఉంది. అది బయటికొస్తే మీకు ఇబ్బంది కలగవచ్చు. మీ మేలుకోరే చెబుతున్నాను.”

“ఉందా? మంచిదైంది,” అంది సుబ్బులు. “జాగ్రత్తగా ఉంచండి. నేను అబద్ధమని చెబుతున్నది ఆ కాగితమే. నా దగ్గర కాపీ లేదు, వీలైతే ఒకటి కమిటీకి పంపించండి.”

అవతలివాడు ఏదో అనబోయాడు. “ఇంకోసారి చెయ్యాలంటే నాకు కాదు, కమిటీకి చెయ్యండి. నంబరిస్తాను, రాసుకుంటారా?” అంది. అతను రాసుకోలేదు.

హియరింగ్ రోజు పొద్దున్నే లక్ష్మీపతి సుబ్బులునీ ఐరిస్‌నీ ట్రెంటన్ స్టేషన్లో దింపాడు. ఆఫీస్‌కి సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు గానీ సుబ్బులే వద్దంది. వాషింగ్టన్లో సెనేట్ ఆఫీసుల బిల్డింగులో, పొడవాటి వరండాలో లైన్లో గంట నిలబడ్డారు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, గొడవ చేయకూడదు, అంతే. వెనకనుంచి రెండో వరసలో చోటు దొరికింది.

హోల్‌బ్రూక్ భార్యతో, ఇద్దరు పెద్ద కొడుకులతో వచ్చాడు. వంపు తిరిగిన ఎత్తు బల్ల వెనక సెనేటర్లు, కింద ఒంటరి బల్ల దగ్గర అతను. ఒక్కో సెనేటర్‌కి అయిదు నిమిషాలు. మొదట మాట్లాడినాయన అతని అనుభవాన్ని పొగిడాడు. రెండో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం ఎత్తింది.

“ఆ వేర్‌హౌసులో వెనక తలుపుకి తాళం ఉందా, లేదా?”

“సెనేటర్, తలుపు తెరిచే ఉందని పదకొండు మంది కార్మికులు సంతకాలు చేశారు. నేను వాటిమీద ఆధారపడ్డాను.”

“మీరు వెళ్ళి తలుపు చూశారా?”

“గుర్తులేదు.”

“పదకొండు మందిలో నలుగురు అది అబద్ధమని మాకు రాసి ఇచ్చారు. వాళ్ళలో ఒకరు ఈ గదిలోనే ఉన్నారు. ఆమెకి మీరేమైనా చెబుతారా?”

అతను వెనక్కి తిరగలేదు. “ప్రతి కార్మికుడిపట్లా నాకు గౌరవం ఉంది,” అన్నాడు. ఆ మాట మైకుకి చెప్పాడు.

తర్వాతి సెనేటర్ నవ్వాడు. ఎవరినైనా పదవికి ప్రతిపాదించగానే పాత ఫిర్యాదులు పుట్టుకొస్తాయని, ఎనిమిదేళ్ళ తర్వాత మాట మార్చినవాళ్ళకి ఏం కావాలో వాళ్ళనే అడగాలని అన్నాడు. సుబ్బులుకు చెవులు వేడెక్కాయి. లేచి, నాకేం కావాలో చెబుతాను అని అరవాలనిపించింది. ఐరిస్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. “అరిస్తే నిన్ను బయటికి తీసుకెళతారు,” అని చెవిలో అంది. “కూర్చో. ఇక్కడ కూర్చుని అతన్ని చూడు. చివరిదాకా చూడు.”

చివరిదాకా చూశారు. రెండు గంటల పది నిమిషాలు.

హియరింగ్‌తో ప్రశ్నలు ఆగవు. సెనేటర్లు తర్వాత రాతపూర్వకంగా కూడా అడుగుతారు, వాటికి రాతపూర్వకంగానే జవాబివ్వాలి, అవి రికార్డులో ఉంటాయి. తాళం ప్రశ్నని ఆ సెనేటర్ ఏడు రకాలుగా రాసి పంపింది. వచ్చిన జవాబుల ప్రింటు అవని తెచ్చింది. ఆ రోజు సంగతి అతను మళ్ళీ గుర్తులేదనే రాశాడు. కానీ ఆరో జవాబులో ఇలా ఉంది: ‘అత్యవసర ద్వారానికి బయటినుంచి తాళం వేయడాన్ని ఏ కారణమూ సమర్థించదు. యాజమాన్యం సమక్షంలో తీసుకున్న సంతకాలను మాత్రమే నమ్మి ఏ విచారణనూ ముగించకూడదు.’

సుబ్బులు ఆ వాక్యాల కింద గీత గీసింది.

కమిటీలో అతను ఒక్క ఓటు తేడాతో గట్టెక్కాడు. తర్వాత పేరు మొత్తం సెనేట్ ముందుకు వెళ్ళాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇలాంటి పేర్లు నిమిషంలో అయిపోతాయట. ఆ కళ్ళజోడు ఆవిడ అభ్యంతరం చెప్పింది. నెలలు గడిచాయి. రోజూ లంచ్ బ్రేక్‌లో సుబ్బులు ఫోన్లో సెనేట్ జాబితా చూసేది. ఎప్పటికీ కదలదేమో అని లక్ష్మీపతి ఆశపడ్డాడు.

కదిలింది. ఒక్కొక్కరికీ విడిగా ఓటు పెడితే ఆలస్యమవుతోందని, దగ్గరదగ్గర వందమంది పేర్లు ఒకే కట్టగా కట్టి, అందరికీ కలిపి ఒకే ఓటు వేశారు. ఆ కట్టలో గ్రాంట్ హోల్‌బ్రూక్ పేరుంది. అతని గురించి ఆ రోజు ఎవరూ ఒక్కమాట మాట్లాడలేదు. కట్ట నెగ్గింది.

అవని ఏడ్చేసింది. “ఇట్స్ నాట్ ఫెయిర్ అమ్మా. నీ పేరు అంతా బయటపెట్టుకున్నావు. వాళ్ళు అతని పేరు కూడా చదవలేదు.”

“ఆయనకి ఉద్యోగం వచ్చింది,” అంది సుబ్బులు. “నాకు ఆయన రాసిచ్చిన మాట వచ్చింది. ఓటు వేసినంత మాత్రాన అది చెరిగిపోదుగా. ఏడవకు. వెళ్ళి దాన్ని యాభై కాపీలు ప్రింట్ చెయ్యి.”

“ఎందుకు?”

“చెబుతాను, ముందు చెయ్యి.”

ఆ రాత్రి ఐరిస్‌తో ఫోన్లో ఎంతసేపు మాట్లాడిందో గానీ, తర్వాతి నెలనుంచి శనివారాలు మా లైబ్రరీలో ఒక చిన్న గది వాళ్ళిద్దరి పేరు మీద బుక్ అయి ఉంటోంది. వేర్‌హౌసుల్లో దెబ్బ తగిలి, ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే ఏం చేయాలో తెలియనివాళ్ళు వస్తారు. ఐరిస్ స్పానిష్ మాట్లాడేవాళ్ళతో, సుబ్బులు మనవాళ్ళతో మాట్లాడతారు. వచ్చినవాళ్ళ చేతిలో అవని ప్రింట్ చేసిన ఆ ఆరో జవాబు కాపీ ఒకటి పెడతారు. సుబ్బులు పౌరసత్వం గురించి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక ఫైలు మాత్రం సిద్ధంగా పెట్టుకుంది.

మొన్న శనివారం నేనూ ఆ గదిలో ఉన్నాను. నమ్రత అని కరీంనగర్ అమ్మాయి వచ్చింది. భర్త హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, తను వర్క్ కార్డ్‌తో ప్యాకింగ్ చేస్తుంది. కన్వేయర్‌లో చెయ్యి చిక్కి మూడు వేళ్ళకి కట్టు ఉంది. గ్లోవ్స్ వేసుకోకపోవడం నా తప్పే అని రాసిన కాగితం మడతపెట్టి తెచ్చింది. సోమవారం సంతకం చేసి ఇవ్వాలట.

“గ్లోవ్స్ ఇయ్యనే లేదు ఆంటీ. కానీ సంతకం పెట్టకపోతే తీసేస్తరేమో.”

“తీసెయ్యొచ్చమ్మా,” అంది సుబ్బులు. “తియ్యరని నేను చెప్పను.”

నమ్రత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి ఏమంటోందని ఐరిస్ అడిగింది. సుబ్బులు చెప్పింది. ఐరిస్ తల ఊపి, ఆ కాగితాన్ని బల్లమీద బోర్లించి, దానిమీద తన ఇన్‌హేలర్ బరువుగా పెట్టింది.

“పెడతావో పెట్టవో సోమవారం చూసుకుందువుగాని,” అని సుబ్బులు తెల్లకాగితం తీసింది. “ముందు జరిగింది జరిగినట్టు నాకు చెప్పు. నువ్వెక్కడ నిలబడ్డావు? బెల్టు నీకు ఏ వైపు ఉంది?”

“కుడిదిక్కు,” అంది నమ్రత, మంచి చేత్తో చూపిస్తూ. సుబ్బులు రాసుకోవడం మొదలుపెట్టింది.